మాగ్డెబర్గ్ నుంచి బెర్లిన్ జూకి, చలికాలంలో

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదివే మన తెలుగువాళ్ళం చాలామందిమే ఉన్నాం. కాస్త ఖాళీ దొరికితే అందరి దారీ బెర్లినే. ఆర్‌ఈ1 రైలెక్కితే మధ్యలో మారే పని లేకుండా రెండు గంటల్లోపే జూలోగిషర్ గార్టెన్ స్టేషన్‌లో దింపేస్తుంది. రోడ్డు దాటితే జూ. అప్పట్లో నెలకు 49 యూరోలుండే డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్, రీజనల్ రైళ్ళకు చెల్లే పాస్) చేతిలో ఉంది కాబట్టి మా ఇద్దరికీ దారి ఖర్చు విడిగా కాలేదు. అది 2023 నవంబరు.

జూకీ, అక్వేరియానికీ విడివిడి టికెట్లున్నాయి, రెండూ కలిపి ఒకటుంది. కలిపి ఉన్నదే తీసుకోండి, స్టూడెంట్ ఐడీ చూపిస్తే తగ్గిస్తారు కూడా. నవంబరులో నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది, అందుకని పొద్దున్నే జూ, మధ్యాహ్నం నుంచి అక్వేరియం పెట్టుకోవాలి.

ఈ జూ 1844లో తెరిచారు. జర్మనీలో ఇదే అన్నిటికన్నా పాతది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి 3,700కు పైగా ఉన్న జంతువుల్లో మిగిలినవి 91. ఆ లెక్క చదివాక నీటిగుర్రాల దగ్గర ఊరికే నిలబడిపోయాను. ఆ 91లో క్నౌచ్‌కే అనే నీటిగుర్రం ఒకటి.

పాండాల దగ్గర జనం ఎక్కువ. 2019లో పుట్టిన కవలలు అప్పటికి అక్కడే ఉన్నాయి, మరుసటి నెలలోనే చైనాకు పంపేశారు. నాకు మాత్రం గుర్తుండిపోయింది ఫాటూ. 1959లో ఇక్కడికొచ్చిన ఆడ గొరిల్లా, వయసు అరవై దాటి చాలా ఏళ్ళయింది. ప్రపంచంలో ఇంత వయసున్న గొరిల్లా ఇంకోటి లేదంటారు. మిగతావాటి గోల లేకుండా తన చోటు తనకు విడిగా ఇచ్చారు. ఒక ఆకును వేళ్ళతో పట్టుకుని, ఈనె వేరు చేసి, మెల్లగా నమిలింది. గోంగూర ఒలిచే మా అమ్మమ్మ చేతులు కళ్ళ ముందు మెదిలాయి. అద్దం ఇవతల నేనున్నట్టు దానికి పట్టనే లేదు.

లోపల తిండి మా బడ్జెట్‌కు అందేది కాదు. పులిహోర డబ్బా పట్టుకెళ్ళడం మంచిదైంది, బెంచీ మీద కూర్చుని తినేశాం. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి.

అందుకే అక్వేరియంలోకి అడుగుపెట్టగానే ప్రాణం లేచొచ్చింది. గుమ్మం పక్కనే నిలువెత్తు ఇగ్వానోడాన్ అనే డైనోసార్ బొమ్మ. 1913లో కట్టిన భవనం, బాంబుల్లో కూలితే మళ్ళీ కట్టి 1952లో తెరిచారు. కింద చేపలు, ఆ పైన పాములూ మొసళ్ళూ, అన్నిటికన్నా పైన కప్పలూ పురుగులూ. మొసళ్ళ హాలులో వంతెన మీద నడుస్తుంటే వెచ్చటి తేమ గాలికి కళ్ళద్దాలు మసకబారాయి, అచ్చం మన గోదావరి జిల్లాల జూన్ ఉక్క. నేను ఎక్కువసేపు ఉన్నది జెల్లీఫిష్‌ల దగ్గర. గొడుగు ముడుచుకున్నట్టు ముడుచుకుని, మళ్ళీ విచ్చుకుంటూ పైకి పోతుంటాయి. ఒకదాని కాళ్ళు ఇంకోదానికి చుట్టుకుంటాయేమోనని నాకే టెన్షన్. అక్వేరియానికి కనీసం మూడు గంటలివ్వండి. గంటలో ముగించేవాళ్ళను చూస్తే అయ్యో అనిపించింది.

రాత్రి దగ్గర్లోని ఒక హాస్టల్లో ఎనిమిది మంచాల గది తీసుకున్నాం. దుప్పటికి విడిగా డబ్బు కట్టించుకున్నారు, ఆ మాట బుకింగ్ అప్పుడు కనబడలేదు. లాకర్‌కు తాళం మనమే తెచ్చుకోవాలి. ఒక్క రాత్రికైతే సర్దుకోవచ్చు గానీ, ఆఖరి రైలు అందితే వెనక్కి వెళ్ళిపోవడమే మేలు.

ఇక టియర్‌పార్క్. నగరం రెండుగా ఉన్న రోజుల్లో తూర్పు బెర్లిన్ వాళ్ళు 1955లో పెట్టుకున్న జూ అది. యూ5 మెట్రోలో వెళ్ళాలి. 160 హెక్టార్లు, అంటే మన హైదరాబాద్ నెహ్రూ జూ అంత. జంతువులకు తిరగడానికి చోటుంది, మనకూ ఉంది. రెండింటినీ ఒక్క రోజులో కుక్కకండి. దానికి మేం ఏప్రిల్‌లో, ఎండ కాసే రోజు చూసుకుని వెళ్ళాం.