పాత లుండ్‌బీ బొమ్మరిల్లు: చాలా ఏళ్లు సర్దాక నా మాట

పాత లుండ్‌బీ ఇల్లు కొనొచ్చా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడానికైతే వద్దు, డబ్బు దండగ. సామాను అటూ ఇటూ జరుపుకుంటూ ఆదివారం మధ్యాహ్నాలు గడిపేసే రకమైతే మాత్రం ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు.

మేముండేది స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో. లుండ్‌బీ అనే ఈ బొమ్మరిళ్ల కంపెనీ పుట్టిల్లు కూడా ఇదే. 1947లో గ్రేటే, ఆక్సెల్ థామ్సెన్ దంపతులు లుండ్‌బీ పేటలో మొదలుపెట్టారు. తర్వాత ఫ్యాక్టరీ పక్క ఊరు లేరుమ్‌కి మారింది. 1997లో మిక్కీ అనే మరో స్వీడిష్ బొమ్మల కంపెనీ కొనేసింది. కొత్త లుండ్‌బీలు ఇప్పటికీ దొరుకుతున్నాయి కానీ నేను రాస్తున్నది 1970ల నాటి దాని గురించి. రెండంతస్తులు, ముందు గోడ ఉండదు, గదులన్నీ మనవైపే తెరుచుకుని ఉంటాయి. ఇక్కడి లొప్పిస్‌లలో, అంటే పాత సామాన్ల సంతల్లో, ఓపిగ్గా తిరిగితే విడి సామాను దొరుకుతూనే ఉంటుంది.

కొనే ముందు స్కేలు సంగతి తెలుసుకోండి. లుండ్‌బీ ఒకటికి పద్దెనిమిది, అంటే అసలు వస్తువులో పద్దెనిమిదో వంతు. ఇంగ్లండ్, అమెరికా కలెక్టర్లు ఎక్కువగా వాడేది ఒకటికి పన్నెండు. మన కుర్చీ నేలకి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే లుండ్‌బీలో అది 2.5 సెంటీమీటర్లు, పన్నెండు స్కేల్లో 3.75. ఈ రెండూ ఒకే గదిలో ఇమడవు. ఒకటికి పదహారు స్కేల్లో వచ్చిన పాత ఇంగ్లిష్ బార్టన్ సామాను మాత్రం కలుస్తుంది. అక్కడ కుర్చీ 2.8 దాకా వస్తుంది, తేడా మూడు మిల్లీమీటర్లే. అలాంటివి గదిలో ముందువైపు పెట్టి, అసలు లుండ్‌బీవి వెనక గోడ దగ్గర పెడితే గది ఉన్నదానికంటే లోతుగా కనిపిస్తుంది. నాటకాల సెట్టింగులు వేసేవాళ్లకి ఈ కిటుకు ఎప్పట్నుంచో తెలుసు.

ఇక సర్దడం. ముందు గోడ లేకపోవడం వల్ల చెయ్యి ఏ మూలకైనా పోతుంది, ఆ సుఖం తలుపులేసే ఇళ్లలో ఉండదు. కానీ అందువల్లే మొదట్లో ఎవరైనా సామానంతా గోడకి ఆనించి మనకేసి తిప్పి పెట్టేస్తారు. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "ఏమే, పెళ్లిచూపులా? అన్నీ అలా వరసగా కూర్చున్నాయేంటి?" అంది. ఆ మాటతోనే సర్దుడు మారింది. ఇప్పుడు హాల్లో సోఫా కాస్త పక్కకి తిరిగి ఉంటుంది, వీపు సగం మనకి కనిపిస్తుంది. భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ కొంచెం వెనక్కి లాగి ఉంటుంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు. సామాను మధ్య మనిషి నడిచే దారి వదలాలి. నిజమైన ఇంట్లో రెండడుగుల సందు ఇక్కడ మూడు సెంటీమీటర్ల పైచిలుకు, అంటే రెండు వేళ్లు దూరితే చాలు. వేళ్లు దూరకపోతే ఏదో ఒకటి తీసెయ్యాలి. నా లెక్కలో ఈ ఇంటికి సామాను కొనడం కన్నా తీసెయ్యడమే అసలు పని. లుండ్‌బీ వాళ్లదే వంకీల కాళ్ల రాయల్ అనే సెట్టు ఎంత అందంగా ఉన్నా, డెబ్బైల నాటి నున్నటి సామాను పక్కన పెడితే రెండూ చెడతాయి. నాది డబ్బాలోనే ఉంది.

దీపాలు ఈ ఇంటికి ప్రాణం. నిజంగా వెలుగుతాయి, నాలుగు వోల్టుల మీద. సన్నటి తీగ, చివర బుల్లి ప్లగ్గు. అందుకే ముందు దీపాలు ఎక్కడో తేల్చుకుని తర్వాతే కుర్చీలు పెడతాను. యాభై ఏళ్ల నాటి ట్రాన్స్‌ఫార్మర్‌ని ఇంటి కరెంటుకి తగిలించే ధైర్యం నాకు లేదు. మూడు సెల్లుల డబ్బా వాడుతున్నాను. మామూలు సెల్లులైతే మూడూ కలిపి 4.5 వోల్టులు, బల్బుకి కొంచెం ఎక్కువే. రీచార్జి చేసుకునేవైతే 3.6 వస్తుంది. వెలుతురు కాస్త తగ్గి పసుపు తిరుగుతుంది, బల్బూ ఎక్కువ కాలం ఉంటుంది. తెల్ల ఎల్ఈడీలు మాత్రం పెట్టకండి, ఆ నాటి నారింజ, గోధుమ రంగులన్నీ పాలిపోతాయి.

మన్నిక దగ్గర మార్కులు తగ్గించక తప్పదు. చెక్కవి గట్టివే. ప్లాస్టిక్‌తోనే తంటా. కిటికీ పక్కన పెడితే తెల్ల వంటగది సామాను పచ్చబడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లగా చేసినా చాలాసార్లు మళ్లీ అదే రంగుకి వస్తుంది. సోఫాల్లోని స్పాంజి పొడిపొడిగా రాలుతుంది. వీటన్నిటికన్నా పాడుది దీపం తీగ. దాని మీది మెత్తటి ప్లాస్టిక్‌లో ఉండే నూనెలాంటి పదార్థం గట్టి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. నా దగ్గరున్న పియానో మూత మీద సన్నటి గాడి ఉంది, అడ్డంగా, గోటికి తగులుతుంది. అంతకుముందు ఎవరో దాని మీద తీగ చుట్టి ఏళ్ల తరబడి పెట్టెలో పడేశారన్నమాట. అందుకే దాచేటప్పుడు దేనికది టిష్యూ కాగితంలో చుడతాను, దీపాలకి వేరే పెట్టె.

చిన్నవి పడిపోకుండా మ్యూజియం మైనం, అంటే వస్తువుల్ని కదలకుండా నిలబెట్టే జిగురు మైనం, ఆవగింజంత చాలు. పోస్టర్లు అంటించే జిగురుముద్ద వాడొద్దు, కాగితం అంటించిన గోడల మీద నూనె మరక వదులుతుంది.

ఒక ముచ్చట చెప్పాలి. ఏటికొప్పాక నుంచి తెచ్చిన లక్కపిడతల్లో అంగుళం ఎత్తు బిందె ఒకటి ఉంది. ఈ స్కేల్లో అది 45 సెంటీమీటర్లు, అంటే గంగాళం కింద లెక్క. వంటగది గట్టు మీద మరీ పెద్దదైపోయింది గానీ, మెట్ల పక్కన నేల మీద పెడితే అక్కడికే చేసినట్టుంది. దసరాకి బొమ్మల కొలువు పెట్టినప్పుడు లుండ్‌బీ పక్క బల్ల మీదే ఉంటుంది. వచ్చిన పిల్లలు దేవుళ్లని వదిలేసి ఇక్కడ స్విచ్ నొక్కుతూ కూర్చుంటారు. ఐదేళ్ల లోపు వాళ్లయితే ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, ముక్కులో దూరేంత చిన్న సామాను చాలా ఉంది.

సన్నటి నగిషీ, నిజంగా లాగితే వచ్చే సొరుగులు కావాలంటే పన్నెండు స్కేలుకి వెళ్లండి, లుండ్‌బీలో ఆ పనితనం వెతక్కండి. కొనేటట్టయితే అమ్మేవాళ్లని ఇంటి వెనక వైపు ఫోటో అడగండి, దీపం వెలిగించి చూపమనండి. మొన్నామధ్య ఒకాయన "అన్నీ పనిచేస్తాయి" అని అమ్మిన పెట్టెలో సగం ప్లగ్గులకి తుప్పు పట్టి ఉంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే కొన్ని వెలిగాయి.