కాయిన్ మోడ్‌కు మన రూపాయి తెలియదు

మెటల్ డిటెక్టర్ కొనాలనుకునేవాళ్లు డబ్బా మీద లోతు ఎన్ని అంగుళాలని రాశారో చూసి మురిసిపోకండి. చెత్తను వదిలేసి నాణేలకే మోగాలని పెట్టిన బటన్ కాయిన్ మోడ్. దాన్ని పెట్టించి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి కాయిల్ (నేల మీద తిప్పే గుండ్రటి పళ్లెం) ముందు ఆడించి చూడండి. నా మిషన్ ఆ బిళ్లను ఇనుప ముక్కల్లో జమ కట్టేసి ఊరుకుంటుంది. పేరేమో కాయిన్ మోడ్, దేశమంతా చేతులు మారే బిళ్లేమో దానికి చెత్త! దీన్ని వాడబట్టి ఏడాది దాటింది. విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా భుజాన వేసుకుని తిరిగాను. చాలా నేర్చుకున్నాను, ఆనందపడ్డ రోజులూ ఉన్నాయి. ఆ ఒక్క బటన్ మీద కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

కారణం తెలిశాక కోపం ఇంకా పెరిగింది. ఈ తరహా చవక మిషన్‌ను అమెరికా చిల్లరను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. తెర మీది గళ్లకు రాసిన పేర్లే ఆ సంగతి చెబుతాయి. ఎడమ చివర ఇనుము, దాని పక్కన రేకు, తర్వాత నికెల్ (వాళ్ల ఐదు సెంట్ల బిళ్ల), కూల్‌డ్రింక్ డబ్బా రింగు, ఇంకా కుడికి పోతే డైమ్ (పది సెంట్లు), క్వార్టర్ (పాతిక సెంట్లు). కాయిన్ మోడ్ నొక్కగానే ఇనుము, రేకు, డబ్బా రింగు గళ్లు మూతపడతాయి. అక్కడి నాణేల్లో ఉండేది రాగి, నికెల్, జింకు కాబట్టి వాళ్లకు నష్టం లేదు. మన రూపాయి 1992 నుంచి ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే అయస్కాంతానికి అతుక్కునే రకం. రాజమండ్రిలో గోదావరి రేవుల దగ్గర పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరి, భక్తులు వేసిన రూపాయలు పైకి లాగడం చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1988 నుంచి వచ్చిన స్టీలు పావలాలు, అర్ధ రూపాయలు, పది పైసలూ ఇదే కోవ. ఆ మాటకొస్తే, వెనక పులి బొమ్మ ఉన్న 1947 నాటి రూపాయి పూర్తిగా నికెల్ లోహం. అయస్కాంతం దాన్నీ పట్టుకుంటుంది. నాణేలు సేకరించే మిత్రుణ్ణి అడిగి ఒకసారి దాన్ని కాయిల్ కింద పెట్టి చూశాను. మిషన్ ఏ గడిలోనూ కుదురుగా నిలబడలేదు.

మరి కాయిన్ మోడ్‌లో మోగేవేమిటంటారా? 1957 నుంచి 1962 దాకా వచ్చిన కంచు నయా పైస, జార్జి రాజుల నాటి పావు అణా బాగా మోగుతాయి. తామరపువ్వున్న ఇత్తడి రంగు ఇరవై పైసలు, ఇప్పటి ఇత్తడి రంగు ఐదు రూపాయలు కూడా పర్వాలేదు.  బీచ్‌లో ఎక్కువగా పడేవాటిని వదిలేసి, అరుదుగా పడేవాటి కోసం కాచుకుని కూర్చునే మోడ్ ఇది.

పోనీ చెత్తనైనా సరిగ్గా ఏరేస్తుందా అంటే అదీ లేదు. బీరు సీసా మూత శుద్ధ ఇనుప రేకే. కానీ పల్చగా, గుండ్రంగా ఉండడం వల్ల దానిలో ఎడ్డీ కరెంట్ (కాయిల్ వల్ల లోహంలో పుట్టి సుళ్లు తిరిగే కరెంటు) బలంగా తిరిగి, తెర మీద కుడివైపు గళ్లు వెలుగుతాయి. గంట మోగినట్టు శబ్దం వస్తుంది. ఆదివారం సాయంత్రం జనం వెళ్లిపోయాక రుషికొండ దగ్గర కాయిన్ మోడ్‌లో నాలుగడుగులు వేస్తే వచ్చే గంటల్లో చాలా వరకు ఈ మూతలవే. రూపాయి ఇనుమట, బీరు మూత క్వార్టరట. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఈ మిషన్‌ను అమ్మేయకుండా ఉంచుకోవడానికి కారణం ఆల్ మెటల్ మోడ్, అంటే ఏ గడినీ మూయకుండా అన్ని లోహాలకూ మోగే మోడ్. అది వాడటం నాకు వచ్చింది జోడుగుళ్లపాలెంలో ఒక ఉంగరం వెతికినప్పుడు. కాస్త వివరంగా చెబుతాను.

కార్తీక పౌర్ణమి సముద్ర స్నానానికి వెళ్లిన మా పక్కవీధి పిన్నిగారి వేలి ఉంగరం పోయింది. రాళ్లు లేని సన్నటి బంగారపు ఉంగరం, అర తులం కూడా ఉండదు. తల్లి ఇచ్చింది కావడంతో ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారేసరికి ఫోన్ చేశారు. "నాన్నా, నీ దగ్గర ఆ మిషన్ ఉందంట కదా, ఒక్కసారి వస్తావా?" వెళ్లాను. ఆవిడ అలల్లోకి చూపించి, "ఇక్కడే మునిగాను, ఇక్కడే జారిపోయి ఉంటుంది" అన్నారు. కాయిన్ మోడ్‌లో అటూ ఇటూ తిరిగితే మూతలు మోగాయి, ఇంకేమీ లేదు.

అప్పుడు అడిగాను: "పిన్నిగారూ, అలాంటిదే ఇంకో ఉంగరం ఉందా?" రెండో చేతికి దాదాపు అదే బరువున్న ఉంగరం ఉంది. దాన్ని రుమాల్లో ముడివేసి పొడి ఇసుక మీద పెట్టి కాయిల్ తిప్పాను. కాయిన్ మోడ్‌లో చప్పుడే లేదు! ఆల్ మెటల్‌కు మార్చితే చిన్న, మెత్తటి శబ్దం వచ్చింది, తెర మీద రేకు గడి వెలిగింది. సిగరెట్ ప్యాకెట్టులోని వెండి కాగితం, మాత్రల స్ట్రిప్పు పడే గడి అది. చిన్న బంగారం ఎప్పుడూ అక్కడే పడుతుంది, కాయిన్ మోడ్ ఆ గడిని ముందే మూసేస్తుంది. ఇన్నాళ్లూ ఆ మోడ్‌లో తిరిగిన ఎన్ని చోట్ల ఇలాంటివి కాయిల్ కిందే ఉండిపోయాయో అనిపించి మనసు చివుక్కుమంది.

ఎలాంటి శబ్దం కోసం వెతకాలో తెలిసింది. ఇక ఎక్కడ వెతకాలన్నదే మిగిలింది. నీళ్లలోంచి వచ్చాక ఏం చేశారని అడిగితే, పైన సరుగుడు చెట్ల పక్కన ఇద్దరు ఆడవాళ్లు చీర అడ్డం పట్టుకుంటే బట్టలు మార్చుకున్నానని, అక్కడే తడి చీర పిండానని చెప్పారు. చన్నీళ్లలో నానిన వేళ్లు సన్నబడతాయి, చీర పిండేటప్పుడు ఉంగరం జారడం తేలిక. చెట్ల దగ్గర ఇసుక మీద కర్రతో గీతలు గీసుకుని, ఒక వరసలో సగం మీదుగా రెండో వరస పడేలా నెమ్మదిగా కాయిల్ తిప్పాను. ఆల్ మెటల్ మోడ్‌లో ప్రతిదీ అరుస్తుంది: మేకులు, రేకులు, పిన్నీసులు, మూతలు. హెడ్‌ఫోన్స్ లేకపోతే గాలి హోరులో ఏదీ తెలియదు. ఉన్నా మొదట అంతా గోలే. కాసేపటికి చెవి వేరుచేయడం మొదలుపెట్టింది. మేకు శబ్దం చిరిగినట్టు వస్తుంది, కాయిల్‌ను అడ్డంగా తిప్పితే మారిపోతుంది. మూత గట్టిగా మోగుతుంది కానీ చివర్లో ఓ గరుకు ఉంటుంది. ఉంగరం మాత్రం ఏ వైపు నుంచి తిప్పినా ఒకేలా, గుండ్రంగా, చిన్నగా పలికింది. కంచరపాలెంలో వెల్డింగ్ షాపులో చేయించిన చిల్లుల గరిటెతో ఒక్కసారి తోడి జల్లిస్తే బయటపడింది. జానెడు లోతు కూడా లేదు. పిన్నిగారు దాన్ని కళ్లకద్దుకుని, ఇసుక కూడా దులపకుండా వేలికి పెట్టేసుకున్నారు.

ఆ రోజు నుంచి కాయిన్ మోడ్ ముట్టుకోలేదు. ఆల్ మెటల్‌లో రూపాయలూ దొరుకుతున్నాయి. ఇనుము గడి, దాని పక్క గడి మధ్య ఊగుతూ, మేకు కన్నా నునుపుగా వచ్చే శబ్దాన్ని తవ్వితే తరచూ రూపాయో రెండు రూపాయలో ఉంటుంది. ఈ తేడా ఏ మాన్యువల్లోనూ నాకు కనబడలేదు. ఇంట్లో చెక్కబల్ల మీద రూపాయి, మేకు, మూత, మెట్టె, వెండి కాగితం వరసగా పెట్టుకుని, తెర వైపు చూడకుండా వింటూ నేర్చుకున్నాను. కొత్తగా కొన్నవాళ్లు బీచ్‌కు వెళ్లేముందు ఇది చేయండి.

ఉంగరం దొరికిందని మిషన్‌ను మరీ ఆకాశానికెత్తలేను. అది పొడి ఇసుక. పిన్నిగారు మొదట చూపించిన చోటే, అలలు తడిపే ఇసుకలోనే పోయి ఉంటే దొరికేది కాదనే నా నమ్మకం. ఉప్పునీరు కరెంటును మోస్తుంది కాబట్టి తడి ఇసుకే ఒక లోహంలా కనిపిస్తుంది. దానికి తోడు మన తీరంలో నల్ల ఇసుక. విశాఖ నుంచి భీమిలి దాకా ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు ఇసుకలో కలిసి ఉన్నాయి. అల వెనక్కి పోయాక తీరం మీద మిగిలే నల్లటి చారలు అవే. అయస్కాంతం పెట్టి లాగితే కొన్ని రేణువులు దానికి అంటుకుని వస్తాయి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే మిషన్ ఉప్పును సర్దుకుంటే ఖనిజానికి అరుస్తుంది, ఖనిజాన్ని సర్దుకుంటే ఉప్పుకు అరుస్తుంది. పైగా నా దానిలో గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజానికి అరవకుండా చేసే సర్దుబాటు) ఫ్యాక్టరీలో పెట్టిందే, మనం మార్చేందుకు వీల్లేదు. సెన్సిటివిటీ సగానికి తగ్గిస్తే గోల తగ్గుతుంది, లోతు కూడా పోతుంది. తడి ఇసుకలో నిజంగా పనిచేసేవి ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల మీద నడిచే మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్లు, వాటి ధర దీనికి కొన్ని రెట్లు.

బంగారం గురించి అడిగేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇంకో సంగతి. మన నగలన్నీ ఉంగరంలా పలకవు. ఉంగరం మూసిన వలయం, కరెంటు చుట్టూ తిరుగుతుంది. వేలికి సరిపడేలా సాగదీసే వీలున్న మెట్టె ఒకచోట తెగి ఉంటుంది, అక్కడ కరెంటు ఆగిపోతుంది. అందుకే అంత వెండి ఉన్నా శబ్దం నీరసంగా వస్తుంది. సన్నటి గొలుసు ఇంకా కష్టం. మిషన్‌కు గొలుసంతా ఒక ముక్కలా కనిపించదు, ఒక్కో లంకె విడిగా, చిన్నగా కనిపిస్తుంది. హుక్కు కాస్త పెద్దదైతే దాన్ని పట్టుకోవచ్చు. ముక్కుపుడకైతే కాయిల్‌కు దాదాపు తగులుతూ ఉండాలి. గొలుసు పోయిందని ఎవరైనా పిలిస్తే ఈ మాట ముందే చెప్పి వెళ్తున్నాను. లేనిపోని ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు.

నేను అనుకోని సంతోషం ఒకటి జాలరిపేట వైపు దొరికింది. విసురు వలకు కట్టే సీసపు గుళ్లు తెగి ఇసుకలో పడిపోతుంటాయి. సీసం శబ్దం ఎంతో కుదురుగా, నిండుగా వస్తుంది, ఈ మిషన్ తప్పు చెప్పని లోహాల్లో అదొకటి. మొదటిసారి నన్ను చూసిన ఒక తాత, "ఏటి బాబూ ఎతుకుతున్నావు? మా గుళ్లేవైనా దొరికితే ఇటియ్యి" అన్నాడు. గుప్పెడు గుళ్లు ఇచ్చాను. ఇప్పుడు అటు వెళ్తే వాళ్లే ఏ పక్క ఇసుక కోతకు గురైందో, ఎక్కడ పాత పొర పైకి తేలిందో చెబుతారు. ఆ కబురు మిషన్ కన్నా విలువైంది. తుపాను తర్వాత అలలు ఒడ్డును కోసేసిన చోట, ఎప్పటినుంచో లోతున ఉన్నవి అందుబాటులోకి వస్తాయి. నాకు దొరికిన కంచు నయా పైసలన్నీ అలాంటి కోతల్లోనివే.

పురాతన వస్తువుల ఆశతో కొనేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను, ఈ మిషన్ పట్టుకుని తొట్లకొండ, బావికొండ, పావురాలకొండల్లాంటి ప్రాచీన బౌద్ధ స్థలాల వైపు పోవద్దు. తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. పొర తర్వాత పొర చూస్తూ తవ్వారు కాబట్టే ఏది ఏ కాలానిదో తెలిసింది. మనం గరిటెతో ఒక్క బిళ్ల పైకి తీస్తే ఆ సమాచారం శాశ్వతంగా పోతుంది, పైగా నేరం. భీమిలి డచ్చి సమాధుల చుట్టూ, ఎర్రమట్టి దిబ్బల్లో కూడా తవ్వొద్దు. ఇంకెక్కడైనా సరే, భూమిలో దాచిన నిధి దొరికి దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ చెబుతోంది. వందేళ్లు దాటిన నాణేనికి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. నేను జనం తిరిగే ఇసుకలోనే వెతుకుతాను, తవ్విన గుంత పూడ్చి వస్తాను, ఏరిన మేకులూ మూతలూ సంచిలో వేసుకుని చెత్తబుట్టలో పడేస్తాను.

కొనాలా వద్దా అంటే నా మాట నా పరిస్థితికే సరిపోతుంది. ఇల్లు ఎంవీపీ కాలనీలో, బీచ్‌కు నడిచి వెళ్లిపోగలను. షిఫ్టు డ్యూటీ కాబట్టి కొన్ని ఉదయాలు ఖాళీ. దొరికిన చిల్లరతో మిషన్ డబ్బులు తిరిగి వస్తాయని నేనెప్పుడూ లెక్క వేయలేదు, వచ్చే సూచన కూడా లేదు. పొడి ఇసుకలో, ఆల్ మెటల్‌లో, చెవిని నమ్ముకుని తిరిగే ఓపిక ఉంటే ఈ ధరకు ఇది చాలు. అలల అంచున వెతకాలనుకుంటే దీని మీద పెట్టే డబ్బు కూడా కలిపి దాచుకుని మల్టీ ఫ్రీక్వెన్సీదే కొనండి. నేనూ దానికే కూడబెడుతున్నాను. అప్పుడు దీన్ని రాజమండ్రిలో ఉన్న మా మేనల్లుడికి ఇస్తానని మాటిచ్చాను. గోదావరి ఇసుకలో ఉప్పు లేదు కాబట్టి నా దగ్గర కన్నా వాడి దగ్గరే ఇది బాగా పనిచేయొచ్చు.