మస్టాంగా, కమారోనా, చార్జరా? పాత మజిల్ కార్లలో జేబుకి ఏది మేలు

మా పిన్ని కొడుకు ఒకడు ఆస్టిన్‌లో ఉంటాడు. గ్రీన్ కార్డు చేతికొచ్చిన దగ్గర్నుంచి వాడికి పాత మజిల్ కారు, అంటే పెద్ద ఇంజన్ పెట్టిన అమెరికన్ స్పీడు కారు, పిచ్చి పట్టింది. మూడు వారాలుగా రోజూ రాత్రి ఒక ఫోటో పంపడం, "అన్నా, ఇది కొనెయ్యనా?" అనడం. నా దగ్గర ఆరేళ్ళుగా 1967 మస్టాంగ్ ఉంది, డాలస్ ఎండల్లో దాని అలకలన్నీ తీర్చింది నేనే, అందుకని వాడి దృష్టిలో నేనో పెద్ద మెకానిక్‌ని. లిస్టు చివరికి మూడింటి దగ్గర ఆగింది: 1967-68 ఫోర్డ్ మస్టాంగ్ (289 ఇంజన్), 1969 షెవర్లే కమారో (350), 1968-69 డాడ్జ్ చార్జర్ (383 లేదా 440). ఆ అంకెలు ఇంజన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో. మస్టాంగ్ మజిల్ కారే కాదు, పోనీ కారు (చిన్న సైజు స్పోర్టీ కారు) అని కొట్టుకునేవాళ్ళున్నారు, ఆ గొడవ మనకొద్దు.

అందరూ ముందు ఇంజన్ గురించే అడుగుతారు. నిజానికి భయపడాల్సింది దానికి కాదు. ఈ మూడింట్లో ఏ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) అయినా మంచి మెషీన్ షాపులో పూర్తిగా విప్పి కట్టించాలంటే సుమారు ఐదు నుంచి ఎనిమిది వేల డాలర్లు, ఎక్కువే, కానీ లెక్క ముందే తెలుస్తుంది. లెక్కకి అందనిది తుప్పు. పైన మెరిసే ఎర్ర పెయింటు, కింద పుట్టీతో పూడ్చిన కన్నాలు. పైన పటారం లోన లొటారం అన్నది ఈ కార్లని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

మస్టాంగ్ సంగతే చూడండి. విండ్‌షీల్డ్ కింద, వైపర్ల దగ్గర, రేకులో సన్నటి చీలికలుంటాయి, లోపలికి గాలి రావడానికి. ఆ భాగాన్ని కౌల్ అంటారు. వాననీళ్ళు, ఎండుటాకులు ఆ చీలికల్లోంచి పడి అక్కడే నానుతూ ఉంటాయి, యాభై అరవై ఏళ్ళు అలా నానిన రేకు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేను కారు కొన్నాక మొదటి వానకే డ్రైవర్ వైపు కార్పెట్ తడిసింది. డోర్ రబ్బరు పోయిందనుకుని మార్చాను. మళ్ళీ తడిసింది. విండ్‌షీల్డ్ రబ్బరు కూడా మార్చాను, మళ్ళీ అంతే. చివరికి డాష్‌బోర్డ్ కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి వేలితో నొక్కితే, గాలి గొట్టం చుట్టూ ఉండాల్సిన రేకు అప్పడంలా విరిగి నా మొహం మీద పడింది. కొత్త రేకు ఖరీదు పెద్దదేం కాదు. కానీ పాతదాన్ని తీయాలంటే వెల్డు చుక్కలు ఒక్కొక్కటీ డ్రిల్లుతో తొలచాలి, మళ్ళీ అతికించాలి, మళ్ళీ పెయింటు. కూలీయే నాలుగు వేల డాలర్లు దాటింది. ఆ నీళ్ళు కారిన చోట ఫ్లోరు రేకు కూడా పోయి ఉంటుంది, అది వేరే ఖాతా.

మిగతావన్నీ దీని ముందు చిల్లర ఖర్చులే. పవర్ స్టీరింగ్ ఉంటే దాని కంట్రోల్ వాల్వ్ కారుతుంది. ముందు షాక్ టవర్ల (సస్పెన్షన్ పైభాగాన్ని పట్టుకునే రేకు గూళ్ళు) దగ్గర పగుళ్ళు వస్తాయి, బానెట్ ఎత్తి టార్చితో చూస్తే తెలిసిపోతుంది. పెట్రోల్ ట్యాంకు పై రేకే డిక్కీ ఫ్లోరు, వెనక నుంచి ఎవడైనా గుద్దితే అన్న ఆలోచన నాకు హైవే మీద వస్తూనే ఉంటుంది. బ్రేకుల కోసమైనా 1967 లేదా ఆ తర్వాతిదే తీసుకోండి, అంతకుముందు వాటికి మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి తోసేది) ఒకటే గది, ఒక చోట లీకైతే నాలుగు చక్రాలకీ బ్రేకులు పోయినట్టే. మస్టాంగ్‌కి ఉన్న పెద్ద వరం ఏంటంటే 1966 మోడలే ఆరు లక్షలకు పైగా అమ్ముడైంది, అందుకని ఇవాళ్టికీ దొరకని పార్టు లేదు, బాడీ షెల్ మొత్తంగా కూడా కొత్తది దొరుకుతుంది.

1969 కమారోకి కూడా పార్టుల కొరత లేదు. 350 అంటే మెకానిక్ ఎవడైనా కళ్ళు మూసుకుని విప్పే ఇంజన్. మరి ఇబ్బంది ఎక్కడంటే వేడి. స్టార్టరు, దానికి కరెంటు ఇచ్చే స్విచ్చి సోలినాయిడ్, సైలెన్సర్ గొట్టాల పక్కనే ఉంటాయి, ఎండలో కాసేపు నడిపి ఆపితే అవి కాగిపోయి మళ్ళీ స్టార్టు కాదు. మా ఫ్రెండు ఒకసారి ఫ్రిస్కో హనుమంతుడి గుడి పార్కింగులో అలాగే ఇరుక్కుపోయాడు, పులిహోర తిని, ఇంకో ప్లేటు కూడా తిని, అరగంట తర్వాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. నా ఫోర్డుకి ఆ టెన్షన్ లేదు, సోలినాయిడ్ దూరంగా ఫెండర్ లోపలి గోడకి ఉంటుంది. ఇంకా కమారోలో ముందు భాగమంతా రబ్బరు బుషింగుల మీద బోల్టులతో బిగించిన సబ్‌ఫ్రేమ్ (విడి చట్రం). ఆ రబ్బరు చీకిపోతే డోర్ల సందులు వంకర పోతాయి. ఇంజన్ మౌంట్ల సంగతైతే పాత కథే, అవి విరిగి ఇంజన్ పైకి లేచి యాక్సిలరేటర్ లాగేసుకుంటోందని 1971లో షెవర్లే దాదాపు 67 లక్షల కార్లని వెనక్కి పిలిచింది, అందులో 1967-69 కమారోలు కూడా ఉన్నాయి. ఇవాళ మార్చుకోవడానికి వంద డాలర్ల లోపు పని.

కమారోలో అసలు ప్రమాదం మోసం. దాని వీఐఎన్‌లో (కారు మీద చెక్కిన గుర్తింపు నంబరు) వీ8 అని తెలుస్తుంది తప్ప, ఎక్కువ ధర పలికే మోడళ్ళైన ఎస్ఎస్ అనీ జెడ్28 అనీ ఎక్కడా ఉండదు. మస్టాంగ్ వీఐఎన్‌లో ఐదో అక్షరమే ఏ ఇంజన్‌తో పుట్టిందో చెప్పేస్తుంది. 1968-69 చార్జర్‌కి ఎక్స్ఎస్29 అని మొదలైతే ఎక్కువ పవరున్న ఆర్/టి మోడల్, ఎక్స్‌పీ29 అయితే మామూలుది. కమారోలో మాత్రం బ్యాడ్జీ అతికించి ఇరవై వేలు ఎక్కువ చెప్పేవాళ్ళు బోలెడు. కాగితాలు లేని ఎస్ఎస్‌ని మామూలు కమారో ధరకే అడగండి.

ఇక చార్జర్. మా పక్కింటి పెద్దాయనకి 1969 ఆర్/టి ఉంది, 440. తాళం తిప్పగానే ఆ స్టార్టరు కీచుమని కూస్తుంది, హైలాండ్ పార్క్ హమ్మింగ్ బర్డ్ అని ముద్దుపేరు దానికి. ఆ కారు అందంగా లేదన్నవాడితో నాకు మాటల్లేవు. కానీ కరెంటు విషయంలో అదో మహానుభావుడు. ఛార్జింగ్ కరెంటంతా డాష్‌బోర్డులోని ఆమీటర్ (కరెంటు కొలిచే మీటరు) గుండా పోతుంది, దారిలో ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనకీ మధ్య గోడ) దగ్గర ప్లాస్టిక్ కనెక్టరు, అది పాతబడి వేడెక్కి కరిగిపోతుంది. చాలా మంది ఆమీటర్‌ని బైపాస్ చేసేస్తారు, చేయించని కారు కొంటే మొదటి పని అదే. ఇంకోటి బ్యాలస్ట్ రెసిస్టర్, స్పార్కు కాయిల్‌కి వెళ్ళే కరెంటుని తగ్గించే వేలెడంత తెల్ల పింగాణీ ముక్క. అది పోతే తాళం తిప్పినంతసేపూ ఇంజన్ మోగుతుంది, వదలగానే ఆగిపోతుంది, ఎందుకంటే స్టార్టు చేసేటప్పుడు మాత్రం కరెంటు దాన్ని దాటుకుని వెళ్తుంది. పెద్దాయన గ్లవ్ బాక్సులో ఎప్పుడూ రెండు స్పేర్లుంటాయి. ఎడమ వైపు చక్రాల నట్లకి తిరగేసిన మరలు, అంటే మామూలుకి వ్యతిరేకంగా తిప్పితేనే ఊడతాయి, ఒక టైరు షాపు కుర్రాడు చూసుకోకుండా గన్ను పెట్టి మూడు స్టడ్లు (నట్లు బిగించే బోల్టులు) విరిచేశాడు. దాచిపెట్టిన హెడ్‌లైట్లు వాక్యూమ్‌తో తెరుచుకుంటాయి, గొట్టం లీకైతే ఒకటి తెరుచుకుని ఒకటి మూసుకుని కన్ను కొడుతున్నట్టుంటుంది. నవ్వొస్తుంది గానీ రాత్రి పూట కాదు. ఇక రేకులూ ట్రిమ్ముల ధర అడిగితే మస్టాంగ్‌వాడిగా నాకే గుండె ఆగుతుంది. 1968లో చార్జర్లు లక్ష లోపే తయారయ్యాయి మరి.

మైలేజీ ఎందులోనూ అడక్కండి. నాది గ్యాలన్‌కి 15 మైళ్ళు, 440 పది దాటితే పండగ, పైగా దానికి ప్రీమియం పెట్రోలే పోయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలని తినేస్తుంది, మూడింటికీ ముందు అవి మార్చండి. ఇప్పటి ఆయిల్లో జింక్ తగ్గించేశారు, పాత ఇంజన్ లోపలి క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) అరిగిపోకుండా జింక్ ఉన్న ఆయిలో, పదిహేను డాలర్ల ఎడిటివ్ సీసానో వాడాలి. ఇన్సూరెన్స్ మాత్రం అనుకున్నంత లేదు, రోజూ తిప్పనని ఒప్పుకుని గ్యారేజీలో పెడితే ముందే ఒప్పుకున్న విలువకి ఏడాదికి కొన్ని వందలే. టెక్సస్‌లో ఇంత పాత కార్లకి పొగ పరీక్ష కూడా లేదు.

మా వాడికి చెప్పింది ఇదీ: మొదటి కారు, సొంతంగా పానా పట్టుకోవాలని ఉంది, బడ్జెట్ ముప్పై వేల లోపు, అయితే 1967-68 మస్టాంగ్ కూపే, కౌల్ బాగుంటేనే. నలభై యాభై వేలు పెట్టగలిగి ఎక్కువ నడపాలనుంటే బ్యాడ్జీలు లేని మామూలు 350 కమారో. చార్జర్ అయితే రెండో కారుగా, ఇంట్లో వైరింగ్ డయాగ్రమ్ చదివేవాడుంటే. "నీ మనసు దేని మీదుంది అన్నా?" అన్నాడు. చార్జర్ మీదే, అది వేరే విషయం.

ఈ శనివారం రౌండ్ రాక్‌లో ఒక 1968 కూపే చూడ్డానికి వెళ్తున్నాం. నేను టార్చి, ఒక అయస్కాంతం, చెంబు తెస్తున్నా. అయస్కాంతం పుట్టీ ఉన్నచోట అంటుకోదు. చెంబు దేనికంటే, వైపర్ల దగ్గర నీళ్ళు పోసి డాష్‌బోర్డ్ కింద చెయ్యి పెట్టి చూడ్డానికి. అమ్మేవాడు కారుకి అభిషేకం చేస్తున్నామనుకున్నా పర్లేదు, చెయ్యి తడిస్తే మాత్రం వెనక్కి వచ్చేస్తాం.