జీ స్ట్రింగ్ వినపడని జాజ్ రకం బేస్ గిటార్: మూడేళ్ల వాడకం తర్వాత

నాలుగు స్ట్రింగ్‌లు, 34 అంగుళాల స్కేల్ (స్ట్రింగ్ మోగే పొడవు), 45-65-85-105 (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) నికెల్ సెట్. గుంటూరులో ఆదివారం ఆరాధనలకీ పెళ్లి ఆర్కెస్ట్రాలకీ వాడే బేస్ ఇది. నెక్ (గిటార్ మెడ) బాగుంది, శ్రుతి నిలుస్తుంది. పెద్ద లోపం: లావు ఇ స్ట్రింగ్ ఉరుముతుంది, అన్నిటికన్నా సన్నని జీ ఎక్కడో దాక్కుంటుంది.

శబ్దం హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ పెడల్ కొనమని అందరూ చెప్తారు. ముందు స్టార్ స్క్రూడ్రైవర్ తీయండి.

వరస మాత్రం తప్పకూడదు. కొత్త స్ట్రింగ్‌లు, తర్వాత నెక్ వంపు, తర్వాత శాడిల్ (స్ట్రింగ్ ఆనే చిన్న దిమ్మ) ఎత్తు, ఆఖరున పికప్ (స్ట్రింగ్ కంపనాన్ని పట్టే అయస్కాంత భాగం) ఎత్తు. పికప్ సరిచేశాక శాడిల్ కదిపితే స్ట్రింగ్‌కీ పికప్‌కీ మధ్య దూరం మారిపోయి పని మొదటికొస్తుంది. నెక్ వంపుకైతే, మొదటి ఫ్రెట్‌కి (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీ) క్యాపో (స్ట్రింగ్‌లని నొక్కి పట్టే క్లిప్) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, ఎనిమిదో ఫ్రెట్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య 0.3 మి.మీ. సందు ఉందేమో చూడాలి. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్‌కి వాడే ఫీలర్ గేజే దీనికీ సరిపోతుంది.

ఇక పికప్. స్ట్రింగ్‌ని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, దాని అడుగు నుంచి పికప్ పోల్ (అందులోని అయస్కాంతపు గుండు) పైభాగం దాకా కొలవండి. ఇ వైపు సుమారు 3 మి.మీ., జీ వైపు 2.4 మి.మీ.తో మొదలుపెట్టి, స్క్రూ పావు చుట్టు తిప్పుతూ వినండి. జీని లేపడం కన్నా ఇ వైపు దించడమే మేలు. అయస్కాంతం మరీ దగ్గరైతే లావు స్ట్రింగ్‌ని లాగేస్తుంది. పై ఫ్రెట్లలో స్వరం వణుకుతుంది, ఎంత సరిచేసినా శ్రుతి కుదరదు. తేడా చూడటానికి ఫోన్ రికార్డింగ్‌ని నమ్మొద్దు, చాలా ఫోన్లు శబ్దాన్ని వాటంతటవే సమం చేసేస్తాయి. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో కంప్రెషన్ లేకుండా, ఒకే చోట ఒకే వేలితో మీటి శబ్దం మీటర్ చూడండి.

మధ్యలోని ఏ, డీ స్ట్రింగ్‌ల శబ్దం మాత్రమే తగ్గితే కథ వేరు. ఫింగర్‌బోర్డు గుండ్రం, పికప్ చదును, కాబట్టి మధ్య స్ట్రింగ్‌లు కాస్త దూరంగానే ఉంటాయి. ఫ్రెట్ బజ్ (స్ట్రింగ్ ఫ్రెట్‌కి తగిలే జరజర శబ్దం) రానంతవరకు ఆ రెండు శాడిల్స్ దించొచ్చు. పోల్స్‌ని మాత్రం వేలితో నొక్కకండి. పాత పద్ధతి పికప్‌లలో వెంట్రుకంత రాగి తీగ నేరుగా ఆ అయస్కాంతాల చుట్టూ ఉంటుంది. అది తెగితే పికప్ పోయినట్టే.

కొత్త స్ట్రింగ్ ఒక్కటే జీవం లేకుండా మోగుతుంటే, అది శాడిల్ మీద వంగే చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. శ్రుతి చేసే పెగ్ దగ్గర వంచకుండానే కత్తిరించినా పైచుట్టు వదులై అలాగే మోగుతుంది.

మూడేళ్లలో విసిగించింది పికప్ కింది స్పాంజ్. రోహిణి కార్తె ఎండలకి పొడి అయిపోతుంది. స్క్రూ తిప్పినా పికప్ లేవదు, ఒరిగిపోతుంది. రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. కాస్త గట్టి స్పాంజ్ రెండు ముక్కలు పెడితే చాలు, పది నిమిషాల పని.

జీ మీద అయిదు, ఏడు ఫ్రెట్ల మధ్య ఒక స్వరం గట్టిగా మొదలై వెంటనే ఆరిపోతే పికప్‌ని తిట్టకండి, అది నెక్ కంపనం. హెడ్‌స్టాక్‌కి (నెక్ చివర పెగ్‌లుండే భాగం) చిన్న సి-క్లాంప్ బిగిస్తే ఆ చోటు అటో ఇటో జరుగుతుంది, పూర్తిగా పోదు.