పచ్చికారీ పీట అని చెప్పి పెయింటు రాయి అంటగట్టారు, తిరుపతి వాళ్లూ జాగ్రత్త

ఆ పేజీ ఏదో మీకు తెలుసు. పేరు రాస్తే కేసు పెడతానన్నాడు ఆ షాపు ఓనరు, కాబట్టి రాయట్లేదు. ఎగ్జిబిషన్లలో స్టాలు, ఇన్‌స్టాలో తెల్లటి పాలరాతి మీద పూల వీడియోలు, వెనకాల సన్నాయి. ఆ, అదే. అక్కడ ఏమీ కొనకండి. మిగతాది ఓపికుంటే చదవండి.

మా తమ్ముడి గృహప్రవేశానికి అమ్మవారి పటం ముందు పెట్టుకునే పూజ పీట ఇవ్వాలనుకున్నాను. తెల్ల పాలరాయి, మధ్యలో రంగురాళ్లు పొదిగిన ఎనిమిది రేకుల తామర. పాలరాతిలో రంగురాళ్లు పొదిగే ఈ పనినే పచ్చికారీ అంటారు. రేటు 18,500. అడ్వాన్సు 10,000 అక్కడికక్కడే ఫోన్లో కొట్టేశాను.

కొట్టకేం చేస్తాను, మాటలు అట్లా ఉన్నాయి మరి. ఈ పచ్చికారీ పనున్న ఆగ్రాలోని ఇత్మాదుద్దౌలా (నూర్జహాన్ తండ్రి) సమాధి 1622 నుంచి 1628 వరకు కట్టారట, తాజ్‌మహల్ ఆ తర్వాతదట. రాజస్థాన్‌లోని మక్రానా నుంచి పాలరాయి, ఆఫ్ఘనిస్తాన్ నుంచి లాజవర్దం అనే నీలంరంగు రాయి, టిబెట్ నుంచి ఫిరోజా అనే లేత నీలిపచ్చ రాయి. ఇటలీలో కూడా ఇదే పని ఉంది, ఫ్లోరెన్స్‌లో 1588లోనే అక్కడి పాలకుడు మెడిచీ ప్రభువు దీనికోసం కార్ఖానా పెట్టించాడు అన్నాడు ఆ షాపాయన. ఇంటికొచ్చి వెతికితే అన్నీ కరెక్టే. చరిత్రంతా నిజం, సరుకొక్కటే అబద్ధం.

పనెలా చేస్తారో కూడా ఆయనే చెప్పాడు. పాలరాతి మీద రంగు పూసి, దాని మీద డిజైను గీసి, ఉలితో గాడి తొలుస్తారు. రంగురాయిని ఎమరీ చక్రం మీద రేకు ఆకారానికి అరగదీస్తారు. ముక్క గాడిలో కూర్చున్నాక వేలితో తడిమినా అతుకు తగలకూడదు. మంచి పనిలో ఒక్క పువ్వుకే డజన్ల కొద్దీ ముక్కలు పడతాయి. అంత పని ఆ రేటుకి ఎలా వస్తుందని ఒక్క నిమిషం ఆలోచించలేదు నేను. కూరగాయల దగ్గర మాత్రం అయిదు రూపాయలకి అరగంట బేరమాడతాను.

ఫంక్షను ముందురోజు సాయంత్రం పెట్టె వచ్చింది, అదీ మిగతా 8,500 కట్టాకే. విప్పితే తామర లేదు. పొడుగు కాడ మీద ఎర్రటి ట్యులిప్, పక్కన వంగిన ఆకులు. మొగలుల కట్టడాల గోడల మీద లిల్లీ, ఐరిస్‌లతో పాటు కనిపించే పువ్వు అది. సమాధుల దగ్గర వాటిని స్వర్గపు తోటకి గుర్తుగా చెక్కారు. పారసీ కవులకైతే ఎర్ర ట్యులిప్ అంటే ప్రేమలో కాలిన గుండె, అమరుల నెత్తురు. చాలా అందమైన పువ్వే, నాకు దాని మీద కోపమేమీ లేదు. కానీ నేనడిగింది పద్మావతి అమ్మవారి ముందు పెట్టడానికి. తిరుచానూరులో పద్మసరోవరంలో బంగారు తామరలో పుట్టిన తల్లికి తామర కావాలని వేరే చెప్పాలా? చెప్పాను కూడా, వాట్సాప్‌లో ఫోటోతో సహా.

సరే, టైము లేదు, దీంతోనే కానిద్దాం అనుకున్నాం. అమ్మ తడిబట్టతో తుడిచింది. ఎరుపంతా బట్టకి వచ్చేసింది. రేకు అంచు గీకితే గోటికి తెల్లటి పొడి. పాలరాయి గోటికి లొంగదు. అది సబ్బురాయి, పైన పెయింటు, ఆ పైన వార్నిష్. అమ్మ ఏమీ అనలేదు, బట్ట నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఫంక్షను అవ్వగానే పీట పట్టుకుని షాపుకి వెళ్లాను. నలుగురు కస్టమర్లున్నారు. మొన్న "అక్కా, కూర్చోండి, కాఫీ తాగుతారా" అన్న మనిషి తల కూడా ఎత్తలేదు. రంగు పోతోందంటే, "దాన్ని తడిబట్టతో ఎవురు తుడవమన్నారు మా? షోకేసులో పెట్టుకునేది అది" అన్నాడు. పూజ పీట అని నీ బోర్డు మీదే ఉంది కదయ్యా అన్నాను. పలకలేదు. మరి తామర ఏదీ అంటే నవ్వాడు. నవ్వి, "ఏ పువ్వయితే ఏముంది మా, దేవుడేమన్నా వద్దంటాడా?" అన్నాడు.

ఎక్కడ నిలబడి అన్నాడండీ ఆ మాట? తిరుపతిలో! పువ్వనేది స్వామిదేనని కొండమీద ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. తిరుమలకి పుష్పమండపమని పేరు. ఇక్కడ పుట్టిన మనిషి ఏ పువ్వయితే ఏముంది అంటాడా? డబ్బు పోయినందుకు ఒక పూట ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఆ నవ్వుకి మాత్రం ఊరుకోను. పక్కనున్న పెద్దాయన ఒకరు "పోనీలే మా, పండగ పూట గొడవెందుకు" అని నాకే చెప్పాడు. పండగ నాది, పోయింది నా డబ్బు, బుద్ధులూ నాకే!

రిటర్న్ లేదట, కస్టమ్ ఆర్డరట. తామర అడిగితే ట్యులిప్ ఇవ్వడమే కస్టమ్ కాబోలు. బిల్లడిగితే చిన్న చీటీ ఇచ్చాడు, దాని మీద "మార్బుల్ ఐటం" అని ఉంది. ఈ డబ్బుతో చెక్కబొమ్మలకి పేరున్న మాధవమాల ఊరికి వెళ్లుంటే అక్కడి చెక్కపని వాళ్లు నా కళ్లముందే తామర చెక్కి ఇచ్చేవాళ్లు.

కొనాలనుకునేవాళ్లు ఫోన్ టార్చ్ రాతికి ఆనించి చూడండి. మక్రానా రాయి వెలుతురు లోపలికి తీసుకుంటుంది, అందులో పొదిగే ఎర్ర హకీక్ రాయి నిప్పులా వెలుగుతుంది. నాది గోడలా నల్లగా ఉంది. వెనకవైపు గోటితో గీకండి. బిల్లు మీద ఏ రాయి, ఏ డిజైను అని రాయించుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాను. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నా, అయిదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు. వాళ్ల దగ్గర కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే టార్చ్ పెట్టి చూసి, ఫోటోలు, చాట్‌లు నాకు పంపండి. అన్నీ కలిపి పెడదాం.