మూడుల్ సమీక్ష: దిద్దే భారం తగ్గేదెక్కడ, పెరిగేదెక్కడ

యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన, మొత్తం మీద కనీసం 40 గంటల పని అని ఉంది. ప్రశ్నపత్రాలు, మిడ్ పేపర్లు దిద్దడం, ఇంటర్నల్ మార్కులు ఎక్కించడం, కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్‌కు ఫైళ్లు, కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏకి సీఓ (కోర్స్ అవుట్‌కమ్, అంటే కోర్సు అయ్యేసరికి విద్యార్థికి రావాల్సిన నేర్పు) అటైన్‌మెంట్ లెక్కలు, పరిశోధన అన్నీ మిగిలిన 24 గంటల్లోనే పట్టాలి. పట్టవు. అందుకే పేపర్ల కట్టలు ఇళ్లకు చేరుతున్నాయి. వీటిలో సాఫ్ట్‌వేర్ నిజంగా తగ్గించగలిగేవి దిద్దడం, మార్కుల లెక్క. ఆ రెండింటికీ మూడుల్‌ను మించిన ఉచిత పనిముట్టు లేదనే చెప్పాలి. ఆన్‌లైన్‌లో పాఠాలు, క్విజ్‌లు, అసైన్‌మెంట్లు పెట్టుకోవడానికి 2002 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. కాలేజీ సొంత సర్వర్‌లోనే నడుపుకోవచ్చు.

దీని బలమంతా క్వశ్చన్ బ్యాంకులో ఉంది. యూనిట్ల వారీగా కాకుండా సీఓల వారీగా కేటగిరీలు చేయండి. క్విజ్‌లో ఒక్కో స్థానానికి ఒక్కో సీఓ కేటగిరీ నుంచి ర్యాండమ్ ప్రశ్న వచ్చేలా పెట్టండి. అప్పుడు ఎవరికి ఏ ప్రశ్న వచ్చినా, ఎక్సెల్‌లోకి దించుకున్న ఫలితాల్లో ఒక్కో కాలమ్ ఒకే సీఓకి చెందుతుంది. సీఓలు కలిసిన కేటగిరీ నుంచి తీస్తే ఆ కాలమ్ ఎందుకూ పనికిరాదు, మళ్లీ చేత్తో విడదీయాల్సిందే.

లెక్కల సబ్జెక్టులకు కాలిక్యులేటెడ్ ప్రశ్న వరం. సూత్రం, విలువల హద్దులు ఇస్తే ఒక్క ప్రశ్నకు 100 దాకా వేర్వేరు అంకెల సెట్లు తయారవుతాయి, పక్కవాడి జవాబు పనికిరాదు. అయితే టాలరెన్స్, అంటే జవాబులో ఎంత తేడాను ఒప్పుకోవాలో, చూసుకోవాలి. న్యూమరికల్ ప్రశ్నలో అది సున్నాగా వదిలేస్తే 9.81 జవాబైనప్పుడు 9.8 రాసినవాళ్లకు సున్నా పడుతుంది. పరీక్ష అయ్యాక గమనించినా ఫర్వాలేదు: ప్రశ్న సవరించి రీగ్రేడ్ నొక్కితే మార్కులన్నీ సరవుతాయి.

ప్రశ్నలు గంపగుత్తగా ఎక్కించడానికి గిఫ్ట్ ఫార్మాట్ (మామూలు టెక్స్ట్ ఫైలులో ప్రశ్నలు రాసే పద్ధతి) తేలిక. ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయకపోతే తెలుగు అక్షరాలు పాడవుతాయి. లేటెక్ (గణిత సూత్రాలు టైప్ చేసే పద్ధతి) సమీకరణాల్లోని మీసాల బ్రాకెట్ల ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే వాటిని జవాబుగా చదివి ఇంపోర్ట్ ఆగిపోతుంది.

వివరణాత్మక జవాబులను మూడుల్ దానంతట దిద్దదు. కానీ అందరి మూడో ప్రశ్నా వరసగా, పేర్లు కనబడకుండా దిద్దవచ్చు. మార్కులు నిలకడగా పడతాయి. అసైన్‌మెంట్లకు రూబ్రిక్ (ఏ అంశానికి ఎన్ని మార్కులో మెట్లుగా చూపే పట్టిక) వాడండి, ప్రతి అంశంలో అట్టడుగు మెట్టు సున్నా ఉండాలి. ఒకటితో మొదలుపెడితే సెట్టింగును బట్టి మొత్తం మార్కు మారిపోతుంది.

సర్వర్ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. మూడుల్ నడిచే పీహెచ్‌పీలో అప్‌లోడ్ హద్దు డీఫాల్ట్‌గా 2 ఎంబీ. ఫోన్‌లో ఫొటో తీసిన ల్యాబ్ రికార్డు పీడీఎఫ్ అంతకు మించుతుంది, గడువు రాత్రి ఫిర్యాదులు మొదలవుతాయి. సెమిస్టర్‌కు ముందే పెంచమని అడగండి. క్రాన్ (సర్వర్‌లో పనులను వేళకు దానంతట నడిపేది) నిమిషానికోసారి నడుస్తోందో లేదో కూడా చూడమనండి, అది ఆగితే నోటిఫికేషన్ మెయిళ్లు వెళ్లవు. అన్ని సెక్షన్లకూ ఒకే నిమిషంలో క్విజ్ తెరిస్తే చిన్న సర్వర్ తట్టుకోలేదు. సెక్షన్‌కో పది నిమిషాల తేడా ఉంచండి.

ఇక అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌లో లేదు. మూడుల్‌లో పడ్డ మార్కులనే రిజిస్టర్‌లో, మరో పోర్టల్‌లో కూడా ఎక్కించమంటే పని రెట్టింపవుతుంది. ఎగుమతి చేసిన ఎక్సెల్ షీటునే రికార్డుగా తీసుకుంటామని హెచ్‌ఓడీ (విభాగాధిపతి), ఎగ్జామ్ సెల్ ముందే ఒప్పుకోవాలి. ఈ ఒప్పందం లేకుండా మొదలుపెట్టకండి. మొదటి సెమిస్టర్‌లో క్వశ్చన్ బ్యాంకు రాయడానికే బోలెడు సమయం పోతుంది కాబట్టి, ఆ గంటలనూ వర్క్‌లోడ్‌లో చూపించాలని అడగడం న్యాయం. ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్లు యూనిట్లు పంచుకుని రాసి, మూడుల్ ఎక్స్ఎంఎల్ (ప్రశ్నలను దించుకుని వేరేచోట ఎక్కించే ఫార్మాట్) ఫైళ్లుగా ఇచ్చిపుచ్చుకుంటే బొమ్మలు, టాలరెన్స్‌లతో సహా వచ్చేస్తాయి.

ఇరవై మంది పీజీ క్లాసులో అన్నీ వ్యాసరూప ప్రశ్నలే అయితే ఇంత హంగామా అక్కర్లేదు. అసైన్‌మెంట్, రూబ్రిక్ చాలు.