డాక్యుమెంట్ రైటింగ్ కోర్సులకు డబ్బు కట్టేముందు జాగ్రత్త: నమూనాలు అమ్ముతున్నారు, పని నేర్పడం లేదు

సేల్ డీడ్, గిఫ్ట్ డీడ్, అగ్రిమెంట్, జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం మరొకరికి ఇచ్చే పత్రం) రాయడం వారంలో నేర్పిస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్మే కోర్సులు కొనాలనుకునేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. ఇలాంటి వాటిలో తరచూ దొరికే సరుకు ఒకటే: కొన్ని వీడియోలు, వందల వర్డ్ ఫైళ్లు, చివర ఒక సర్టిఫికెట్. పేర్లు మార్చి, సర్వే నంబరు మార్చి, హద్దులు మార్చి ప్రింటు తీస్తే దస్తావేజు తయారైనట్టే అని చెబుతారు. అలా తయారైన కాగితం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయిపోవచ్చు కూడా. ప్రమాదం అక్కడే ఉంది. అమ్మేవారికి నిజంగా హక్కు ఉందా లేదా అని తేల్చడం రిజిస్ట్రేషన్ పని కాదు. ఆ తప్పు పదేళ్ల తర్వాత బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడో, అన్నదమ్ముల మధ్య దావా పడినప్పుడో బయటపడుతుంది. అప్పటికి కోర్సు అమ్మినవాడు ఎక్కడుంటాడో తెలియదు, దస్తావేజు రాసిన మీ పేరు మాత్రం ఊళ్లో మిగులుతుంది.

మొదట ఈ ఒక్క వాక్యం చూడండి. అమ్మకపు అగ్రిమెంట్ నమూనాల్లో ఇది తరచూ కనబడుతుంది: ‘షెడ్యూలు ఆస్తిని ఈ దినమే మీకు స్వాధీనపరచినాము.’ కొనేవారికి మేలు చేసే మాటలాగే ఉంది కదా. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో స్టాంపు చట్టం షెడ్యూలు 1-ఏ, ఆర్టికల్ 47-ఏ కింద, స్వాధీనం అప్పగించినట్టు రాసిన అగ్రిమెంటును అమ్మకంగానే లెక్కగడతారు. అంటే 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసిన ఆ కాగితానికి పూర్తి సేల్ డీడ్ స్టాంపు డ్యూటీ పడుతుంది. రేపు అమ్మేవారు మాట తప్పి, కొనేవారు కోర్టుకు వెళితే, ఎదుటి వకీలు మొదట లేవనెత్తే అభ్యంతరం ఇదే. స్టాంపు చట్టం సెక్షన్ 35 ప్రకారం తక్కువ పడిన డ్యూటీ, దానికి పది రెట్ల వరకు పెనాల్టీ కట్టేదాకా ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోరు. స్వాధీనాన్ని అడ్డం పెట్టుకుని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 53-ఏ కింద రక్షణ అడగాలన్నా, 2001 సెప్టెంబరు 24 తర్వాత రాసిన అగ్రిమెంటు రిజిస్టర్ అయి ఉండాలి. ఒక్క వాక్యం వల్ల ఇంత జరుగుతుంది. స్వాధీనం నిజంగా ఎప్పుడు ఇస్తున్నారు, ఇస్తే డ్యూటీ ఎవరు భరిస్తారు అని ఇద్దరినీ అడిగి రాయాల్సిన చోట, నమూనా ఎవరినీ అడగకుండా రాసేస్తుంది.

ఇక షెడ్యూలు, అంటే దస్తావేజులో ఆస్తి విస్తీర్ణం, హద్దులు రాసే భాగం. ఒక ప్రాంతం ఫైలును ఇంకో ప్రాంతంలో వాడితే ఏమవుతుందో చూడండి. తెలంగాణలో ‘య. 2-20’ అంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. గుంట అంటే 121 చదరపు గజాలు, సెంటు అంటే 48.4. అడ్డగీత బదులు చుక్క పడితే 30 సెంట్ల తేడా, అంటే 1,452 గజాలు. అందుకే విస్తీర్ణాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, పక్కన చదరపు గజాలో హెక్టార్లో వేయాలి.

ప్లాటుకైతే కొలతల్ని గుణించి చూడాలి. తూర్పు పడమరలు 33 అడుగులు, ఉత్తర దక్షిణాలు 50 అడుగులు అని రాసి, విస్తీర్ణం 200 గజాలు అని వేసిన డ్రాఫ్టులు ఉంటాయి. 33ను 50తో గుణిస్తే 1,650 చదరపు అడుగులు, 9తో భాగిస్తే 183.33 గజాలు. మిగతా 16 గజాల చిల్లర పక్కవాడి గోడ కింద వెతుక్కోవాలి. హద్దులకూ విస్తీర్ణానికీ పొసగనప్పుడు కోర్టులు మామూలుగా హద్దులవైపే మొగ్గుతాయి కాబట్టి, ‘పడమర: ఇతరుల స్థలం’ అని రాయడం కన్నా పెద్ద నిర్లక్ష్యం లేదు. పక్క ప్లాటు నంబరు, యజమాని పేరు, రోడ్డయితే దాని వెడల్పు అడుగుల్లో రాయాలి. ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వర్ణన లేకపోతే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 21 ప్రకారం దస్తావేజును తీసుకోరు.

అసలు పని లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, చదవడంలో ఉంది. ఈ ప్యాకులు దాన్నే వదిలేస్తాయి. దస్తావేజులో ‘సదరు ఆస్తి మాకు పూర్వార్జితముగా సంక్రమించి’ అని ఒక ముక్క పెట్టి ముందుకు పోతారు. ఎవరి నుంచి వచ్చింది, ఏ డాక్యుమెంటు నంబరు, ఏ సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఎంత విస్తీర్ణం వచ్చింది, అందులో ఎంత అమ్మేశారు, ఇప్పుడు ఎంత మిగిలింది అన్నది వరసగా తేలాలి. 5 ఎకరాలు కొన్నాయన ముందే 2 ఎకరాలు ఒకరికి, ఎకరంన్నర మరొకరికి అమ్మి, ఇప్పుడు 2 ఎకరాలు అమ్ముతానంటే ఆయన దగ్గర ఉన్నది ఎకరంన్నరే. ఈ లెక్క నమూనా ఫైలులో దొరకదు. ఒక కాగితం మీద గీతలు గీసుకుంటూ లింకులన్నీ కూడితేనే బయటపడుతుంది.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల పత్రం) తీస్తే చాలని కోర్సుల్లో చెప్పేస్తుంటారు. తెలుగు రాష్ట్రాల్లో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది ఆఫీసు రికార్డుల్లో వెతికించాలి. పైగా ఈసీలో కనబడేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. రిజిస్టర్ కాని వీలునామా, నోటిమాట పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనబడవు. దావా నడుస్తుండగా కొన్నవారు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. సర్వే నంబరుతో ఒకసారి, ఇంటి నంబరుతో ఒకసారి, హద్దులతో ఇంకోసారి వెతకాలి, ఎందుకంటే పాత లావాదేవీ వీటిలో దేని కింద ఎంట్రీ అయిందో ముందే చెప్పలేం. దాంతోపాటు రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ కింద రిజిస్టర్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితా చూడాలి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం మామూలుగా బదిలీ చెల్లదు, ఎంత చక్కని తెలుగులో రాసినా అంతే.

‘పుత్రపౌత్ర పారంపర్యంగా, నిధి నిక్షేప జల తరు పాషాణాది అష్టభోగ స్వామ్యములతో’ అంటూ గంభీరంగా ఉన్న పాత వాక్యాలు చూపించి గొప్ప కోర్సు అనిపిస్తారు. ఆ మాటల్లో తప్పేమీ లేదు, ఆ భాషకు ఒక అందం కూడా ఉంది. కానీ సంతకం పెట్టాల్సిన కూతురు సంతకం లేని లోటును ఏ అష్టభోగాలూ పూడ్చవు. ‘ఆడపిల్లలకు వివాహములు జరిపించినందున వారికి హక్కు లేదు’ అని రాసిన నమూనాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు, 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణతో దేశమంతా వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్ అయిన భాగపరిష్కారం (వాటాల పంపకం) ఉంటే లెక్క వేరు. ఈ తేదీలు తెలియకుండా కుటుంబ ఆస్తి దస్తావేజు జోలికి వెళ్లకూడదు. మైనరు వాటా ఉంటే మరీ జాగ్రత్త: సహజ సంరక్షకులు మైనరు సొంత స్థిరాస్తిని అమ్మాలంటే 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 8 ప్రకారం కోర్టు అనుమతి తీసుకోవాలి. లేకపోతే ఆ పిల్లవాడు పెద్దవాడయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు.

తల్లిదండ్రులు పిల్లలకు రాసే గిఫ్ట్ డీడ్ నమూనా ఇంకా బాధ కలిగిస్తుంది. ‘ప్రేమాభిమానములతో’ అని మొదలై అన్ని హక్కులూ ఇచ్చేసి ముగుస్తుంది. పోషణ చూడాలన్న షరతు ఎక్కడా ఉండదు. 2007 వృద్ధుల సంక్షేమ చట్టం సెక్షన్ 23 కింద ఆస్తి వెనక్కి రావాలంటే ఆ షరతు దస్తావేజులోనే రాసి ఉండటం పెద్ద అండ. రాసేవాడు ‘అమ్మా, ఈ షరతు పెట్టమంటారా?’ అని ఒక్క మాట అడిగితే చాలు. గిఫ్ట్ డీడ్‌కు చట్టప్రకారం ఇద్దరు సాక్షుల అటెస్టేషన్ (ధ్రువీకరణ సంతకం) తప్పనిసరి, ఇచ్చేవారు బతికి ఉండగానే పుచ్చుకునేవారు అంగీకరించాలి. ఈ రెండూ దస్తావేజులో కనబడాలి.

జీపీఏ మీద అమ్మకం అయిపోతుందని నేర్పేవాళ్ల దగ్గర ఒక్క రూపాయి పెట్టకండి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి చేసే అమ్మకాలతో హక్కు బదిలీ కాదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

సొమ్ము ముట్టిన పేరా గురించి కూడా చెప్పాలి. నమూనాలో ‘ప్రతిఫలం యావత్తూ ముట్టినది’ అని ముందే అచ్చయి ఉంటుంది. చెక్కు ఇంకా పాస్ కాలేదు, లోను సొమ్ము ఇంకా రాలేదు, అయినా అమ్మేవారు దాని కింద సంతకం పెట్టేస్తారు. ప్రతి చెల్లింపునూ తేదీ, మొత్తం, బ్యాంకు, చెక్కు లేదా లావాదేవీ నంబరుతో విడివిడిగా రాయాలి. వ్యవసాయ భూమి కాని ఆస్తి 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు మినహాయించే 1 శాతం టీడీఎస్‌ను కూడా ప్రతిఫలంలో భాగంగా చూపాలి. అమ్మేవారు ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ 1 శాతం లెక్క వర్తించదు.

కోర్సు మంచిదో కాదో డబ్బు కట్టకముందే తేల్చుకోవచ్చు. చెప్పేవారిని ఇవి అడగండి. సేల్ డీడ్‌కు సాక్షుల అటెస్టేషన్ చట్టంలో తప్పనిసరా? కాదు. గిఫ్ట్‌కు, తనఖాకు, వీలునామాకు కావాలి. సేల్ డీడ్‌లో సాక్షులు పెట్టడం మంచి అలవాటు, ఆ తేడా చెప్పగలగాలి. స్టాంపు పేపరు ఆరు నెలలు దాటితే చెల్లదా? చెల్లుతుంది. ఆరు నెలలన్నది వాడని స్టాంపు డబ్బు వాపసు అడిగే గడువు, ఈ సంగతి 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సంతకాలైన దస్తావేజును ఎన్నాళ్లలోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి? నాలుగు నెలలు. దాటితే మరో నాలుగు నెలల వరకు జరిమానాతో. ఈ మూడింటికీ తడబడితే ఆ మనిషి ఫైళ్లు అమ్ముతున్నాడు, అంతే.

తర్వాత, మన డ్రాఫ్టులు ఎవరు దిద్దుతారని అడగండి. పేర్లు కొట్టేసిన నిజమైన లింక్ డాక్యుమెంట్ల కట్ట ఇచ్చి, దాని నుంచి దస్తావేజు రాయించి, ఎర్ర సిరాతో దిద్ది తిరిగిచ్చే చోట మాత్రమే చేరండి. కనీసం అమ్మకం, దానం, భాగపరిష్కారం, సవరణ దస్తావేజు ఒక్కొక్కటి మీ చేతితో రాసి దిద్దించుకోవాలి. తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో జరుగుతుంది, ఇళ్లు ప్లాట్లు సబ్ రిజిస్ట్రార్ దగ్గర. ఈ తేడా చెప్పకుండా రెండు రాష్ట్రాలకూ ఒకే పాఠం చెబితే అది పాత సరుకు.

సర్టిఫికెట్ విషయంలో భ్రమ పడకండి. అది చూపించి లీగల్ ఒపీనియన్ ఇస్తే బ్యాంకు తీసుకోదు, వాళ్లకు ప్యానెల్ అడ్వొకేట్లు ఉంటారు. ‘సర్కారు గుర్తింపు’ అని ప్రకటనలో ఉంటే ఏ ఉత్తర్వు, ఏ నంబరు అని రాతపూర్వకంగా అడగండి. ‘ఇంకా 3 సీట్లే’ అంటూ రోజూ అదే మాట చెప్పడాన్ని 2023 డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవారిని మభ్యపెట్టే ఎత్తుగడల) మార్గదర్శకాలు తప్పుడు తొందర కింద నిషేధించాయి.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయినవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, వాళ్లతో జరిగిన చాట్ దాచుకుని, రీఫండ్ కోరుతూ ముందు ఈమెయిల్ పెట్టండి. స్పందన లేకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

ఆ నమూనాలతో ఎవరికైనా దస్తావేజు రాసి ఇచ్చి ఉంటే, దాన్ని ఇవాళే తీసి షెడ్యూలు కొలతలు, లింకు నంబర్లు, సంతకాల వరస మళ్లీ చూడండి. హద్దుల్లోనో నంబర్లలోనో తప్పు దొరికితే ఇరుపక్షాల సంతకాలతో సవరణ దస్తావేజు రిజిస్టర్ చేయించవచ్చు. రాసిచ్చినవారు బతికి ఉండగా ఇది ఒక పూట పని. వారు పోయాక వారసులందరినీ ఒకచోటికి తేవాలి, ఒక్కరు కాదన్నా నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 26 కింద దావా వేయాల్సి వస్తుంది.